పురుగుల ఇంట్లో అనకూడని మాట

మా నాయన పురుగుల ఇంట్లోకి పోయే ముందు కాళ్ళు కడుక్కొనేవాడు. అది పట్టుపురుగులు పెంచే వాళ్ళందరూ చేసేదే. మా నాయన నోరు కూడా పుక్కిలించేవాడు. గుమ్మం పక్కన బండ మీద చెంబుతో నీళ్ళు ఎప్పుడూ ఉండేవి. బయట ఎవరితోనన్నా గొడవపడి వచ్చినరోజు రెండుసార్లు పుక్కిలించేవాడు.

"నోట్లో చెడ్డమాట పెట్టుకోని లోపలికి పోగూడదమ్మా. పురుగు వింటాది. విన్నాదంటే మేత ముట్టదు" అనేవాడు.

ఆ గదిలో చావు అనే మాట లేదు. కుళ్ళు, దయ్యం, పిచ్చి, పీడ, ఇవేవీ లేవు. పురుగు చనిపోతే "తీసెయ్" అనాలి, అంతే. ఎందుకు తీసెయ్యాలో చెప్పకూడదు. తిట్టుకోవాలంటే బయటికి వచ్చి తిట్టుకోవాలి. మా అమ్మా నాయనా ఎన్నోసార్లు మాట మధ్యలో ఆపేసి, గడప దాటి వచ్చి, పెరట్లో నిలబడి మిగతా తిట్లు తిట్టుకొని, మళ్ళీ నోరు కడుక్కొని లోపలికి పోయినవాళ్ళే. చిన్నప్పుడు నాకు అది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పురుగుల కోసం అంత నోరు కట్టుకున్నవాళ్ళు, కడుపున పుట్టినదాని కోసం ఒక్క పూట కట్టుకోలేకపోయినారు.

డెబ్బయ్యవ దశకం చివరి సంవత్సరాలు అవి. పుంగనూరు ఊరి చివర మా ఇల్లు, ఇంటి వెనక ఎకరన్నర మల్బరి తోట. నేను మదనపల్లెలో కాలేజీకి పోతూ వస్తూ ఉండేదాన్ని. మా అక్కను కుప్పంలో ఇచ్చినారు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నెమ్మదైన మనిషి. ఇంట్లో నోరున్నది నేనే అని అందరూ అనేవాళ్ళు. అది నిజమే, ఇప్పటికీ నిజమే.

అక్కకు ఆడబిడ్డ పుట్టింది. కాన్పు కుప్పంలోనే అయింది. మూడు వారాలు తిరిగేసరికి ఆమె మాట మానేసింది. అన్నం ముందు పెడితే చూస్తూ కూర్చొనేది. బిడ్డ ఏడిస్తే ఆమె కూడా ఏడ్చేదట, ఎత్తుకొనేది మాత్రం కాదట. పాలు ఎండిపోయినాయి. రెండు నెలలు చూసి, మా బావ ఆమెను బస్సులో పుంగనూరుకు తీసుకొచ్చినాడు. బిడ్డను తేలేదు. వాళ్ళమ్మ దగ్గర వదిలిపెట్టి వచ్చినాడు.

వసారాలో నిలబడే చెప్పినాడు. "మీ బిడ్డకి పిచ్చి పట్టుండాది మామా. నయమైతే చూస్తాము. అందాకా పాపను మేమే పెట్టుకుంటాము."

కాఫీ తాగినాడు, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయినాడు. అంతే. ఆ ఒక్క మాట మా ఇంట్లో దించిపోయినాడు. దాన్ని మా వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు.

మొదట్లో మెల్లగా అనేవాళ్ళు, ఆమె లోపల ఉన్నప్పుడు. వారం తిరిగేసరికి ఎదురుగానే అనేవాళ్ళు. పాలు పోసే ఆమె గేటు దగ్గరే అడిగేది, "ఎట్లుండాది మీ పిచ్చిబిడ్డ?" అని. దానికి మా అమ్మ జవాబు కూడా చెప్పేది, "అట్లే ఉండాది" అని. ఎవరూ కోపంతో అన్న మాట కాదు అది. చుట్టం పేరు అన్నట్టు అనేవాళ్ళు. "పిచ్చిదానికి అన్నం పెట్టినావా?" "పిచ్చిది స్నానం చేసిందా?" అక్కకు మా అవ్వ పేరు పెట్టినారు. చక్కని పేరు. రెండు నెలల్లో ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా వినపడలేదు.

మా అమ్మ రామకోటి రాసేది. రోజూ మధ్యాహ్నం అన్నాలైనాక, ఎర్రగీతల పుస్తకం ముందర పెట్టుకొని, పేజీకి ఇన్ని అని రాసేది. అక్షరం వంకరపోతే కళ్ళకద్దుకొని మళ్ళీ రాసేది. ఒకరోజు నేను పక్కనే కూర్చొని చదువుకుంటున్నాను. అమ్మ రాస్తూ, తల ఎత్తకుండానే, "ఆ పిచ్చిముండ గోడకేసి చూస్తా ఎంతసేపు కూసుంటాది, లోపలికి పొమ్మను" అంది. చెయ్యి ఆగలేదు. రామ, రామ, రామ. ఆ రోజు ఆ పుస్తకం లాక్కొని పొయ్యిలో పడెయ్యాలనిపించింది. పడెయ్యలేదు, దేవుడంటే భయం. మా అమ్మకూ దేవుడంటే భయమే. ఆ భయం చేతి వేళ్ళ దగ్గర ఆగిపోయింది, నాలుక దాకా రాలేదు.

నాయన సంగతి ఇంకో తీరు. పొద్దున్నే స్తోత్రాలు చదివేవాడు. ఒక్క దీర్ఘం తప్పితే మొదటినుంచి మళ్ళీ చదివేవాడు. "మంత్రమంటే ఊరికే ఏందనుకున్నావమ్మా? మాటకు ప్రాణముంటాది. పలకాల్సినట్టు పలకకపోతే కీడు చేస్తాది" అని నాకు బోధించేవాడు. మాటకు ప్రాణముందని తెలిసిన మనిషి అట్లా రోజుకు ఇరవైసార్లు తన కూతురిని ఆ మాటతో పిలిస్తే ఏమవుతుందని ఒక్కసారి ఆలోచించలేదు. అక్క జబ్బకు ఒక తాయెత్తు కూడా కట్టించినాడు. అందులో రాసిన అక్షరాలు ఎవరికీ కనపడవు, ఎవరూ చదవరు. అవి పనిచేస్తాయని నమ్మినాడు. చెవిలో పడే అక్షరాలు పనిచేస్తాయని మాత్రం నమ్మలేదు. ఇంత చదువుకున్న మూర్ఖత్వం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నేను కూడా ఒకసారి అన్నాను. పరీక్షలప్పుడు. పొయ్యి మీద పాలు చూడమని అక్కకు చెప్పి తల దువ్వుకుంటుంటే, ఆమె పొయ్యి ముందరే కూర్చొని ఉంది, పాలన్నీ పొంగి నేలపాలైనాయి. నాకు బస్సు పోతూ ఉంది. "అందరూ అనేది నిజమే. నువ్వు పిచ్చిదానివే" అనేసి పుస్తకాలు తీసుకొని వెళ్ళిపోయినాను. ఒక్కసారే. సాయంత్రానికి మరచిపోయినాను.

తర్వాత నేనే పట్టుబట్టి అక్కను మదనపల్లెకు తీసుకుపోయినాను. నాయన గొణుక్కుంటూ వెంట వచ్చినాడు. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది, తెల్లచీర కట్టుకొని, జుట్టు నెరిసిన ఆమె. అక్కను ఏమీ అడగలేదు మొదట. చెయ్యి పట్టుకొని కూర్చొని, మా నాయన వైపు తిరిగింది.

"ఇంట్లో ఈ అమ్మాయిని ఏమని పిలుస్తారు?"

"పేరు పెట్టే పిలుస్తామమ్మా" అన్నాడు నాయన.

"లేదు డాక్టరమ్మా. పిచ్చిది అని పిలుస్తాండారు" అన్నాను.

నాయన నా వైపు కొరకొరా చూసినాడు. డాక్టరమ్మ కాసేపు కాగితం మీద రాసుకుంది. తర్వాత చెప్పింది. "కాన్పు తర్వాత కొందరికి మనసు ఇట్లా కుంగిపోతుందయ్యా. ఇది రోగం, నయమవుతుంది. మాత్రలు రాస్తాను, మానకుండా వెయ్యండి. అయితే నేనిచ్చే మాత్ర రోజుకు రెండుసార్లే లోపలికి పోతుంది. మీరిచ్చే మాట పొద్దంతా పోతానే ఉంటుంది. ఇంట్లో నోళ్ళు కట్టుకోకపోతే నా మందు దండగ."

నాయన చేతులు కట్టుకొని తల ఊపినాడు. "అట్లేనమ్మా, అట్లేనమ్మా" అన్నాడు. బస్సెక్కినాము. ముందు సీట్లో తెలిసినాయన ఒకడు తిరిగి చూసి "యాడికి పోయొస్తాండారు?" అన్నాడు. అక్క కిటికీ పక్కన కూర్చొని ఉంది. నాయన చెప్పినాడు, "మా పిచ్చిదానికి మందిప్పించుకోని వస్తాండామప్పా."

డాక్టరమ్మ గది నుంచి బస్టాండు వరకు ఎంత దూరం? నడిస్తే పది నిమిషాలు. డాక్టరమ్మకు ఇచ్చిన మాట అంతసేపు కూడా నిలవలేదు. నేను బస్సులోనే నాయన మీద అరిచినాను. పక్కవాళ్ళందరూ తిరిగి చూసినారు. నాయన తల దించుకొని, "గమ్మునుండమ్మా, పరువు పోతాది" అన్నాడు. అక్క నా వైపు చూడలేదు. కిటికీ చువ్వ పట్టుకొని ఉంది.

ఆ నెలలో కొత్త పంట మొదలైంది. పురుగులు రెండో జ్వరానికి కూర్చొని లేచినాయి. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు అట్లా కూర్చుంటుంది. మేత మానేస్తుంది, తల ఎత్తి కదలకుండా ఉంటుంది, ఒకటిన్నర రోజు అయినాక పాత చర్మం వదిలి లేస్తుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. ఆకు తరిగే కూలామె రాకపోతే, నేను అక్కను తీసుకుపోయి గదిలో కత్తిపీట ముందు కూర్చోబెట్టినాను. ఆమె మెల్లగా తరుగుతూ ఉంది. అమ్మ లోపలికి వచ్చింది. నాయన వచ్చినాడు. తట్టలు మార్చినారు, వెళ్ళినారు. గంట అయింది. నాకు అప్పుడు తట్టింది. ఆ గంటలో ఎవరూ ఆ మాట అనలేదు. అనలేరు కూడా. మా ఇంట్లో ఆ మాట చెల్లని చోటు అదొక్కటే.

ఆ రోజే అక్క చాప తెచ్చి పురుగుల ఇంట్లో పరిచినాను.

అమ్మ గొడవ చేసింది. మూడు రోజుల మైల వస్తే ఎట్లా అంది. "ఆ మూడు రోజులూ నా పక్కన పడుకుంటాది, నాతో పాటు నువ్వూ నోరు మూసుకో" అన్నాను. నాయన మాత్రం ఒప్పుకున్నాడు. అక్క మీద ప్రేమతో కాదు. ఆమె చెయ్యి మెత్తన, పురుగును ఎత్తితే నలగదు. అది ఆయనకు కనపడింది.

అక్క ఆ గదిలో ఏమీ చేయలేదు మొదట్లో. ఆకు తరిగేది, తట్టల ముందు కూర్చొనేది. గదిలోకి వచ్చినవాళ్ళు ఆమెను ఏదో ఒకటి పిలవాలి కదా. పాత మాట పనికిరాదు. అందుకని మా అమ్మ రెండు నెలల తర్వాత మొదటిసారి అక్కను పేరు పెట్టి పిలిచింది, "ఆ తట్ట ఇట్లా అందియ్యి" అని. నేను గుమ్మంలో ఉన్నాను. అక్క తల తిప్పి చూసింది, ఎవరినో పిలిచినట్టు.

మూడో జ్వరమప్పుడు అక్క నాయనను అడిగింది, "ఇవి యాల తినడంలేదు?" చాలా రోజుల తర్వాత ఆమె అంతట ఆమె మాట్లాడిన మాట అది.

నాయన తట్ట మీదనుంచి తల ఎత్తలేదు. "ఏం కాలేదమ్మా. జొరానికి కూసున్నాయి. గమ్మున వదిలిపెట్టాల, కదపగూడదు. వాటంతట అవే లేస్తాయి" అన్నాడు.

ఎంత మెత్తగా చెప్పినాడో. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి, ఆ వెంటనే కోపం వచ్చింది. ఈ మనిషికి అంతా తెలుసు. తిండి మానేసి కదలకుండా కూర్చున్న ప్రాణిని ఏం చేయాలో, ఎంత మెల్లగా మాట్లాడాలో, ఎన్నాళ్ళు ఓపిక పట్టాలో అంతా తెలుసు. తెలిసిందంతా ఆ గదిలో పెట్టి గొళ్ళెం వేసుకొని బయటికి వస్తాడు.

మాత్రలు నేనే వేసేదాన్ని, ఒక్క పూట తప్పకుండా. ఆ పంట గూళ్ళు కట్టేసరికి అక్క రెండు ముద్దలు ఎక్కువ తింటూ ఉంది. గూళ్ళు మదనపల్లె సంతకు పోయినాయి. గది కడిగినారు, సున్నం కొట్టినారు, పది రోజులు ఖాళీగా పెట్టినారు. పురుగులు లేవు కాబట్టి నోటికి కాపలా లేదు. మొదటి రోజు సాయంత్రానికే మా అమ్మ నోట్లో ఆ మాట తిరిగి వచ్చింది. నాలుగో రోజుకు అక్క మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంది. మాత్రలు అవే, అన్నం అదే, ఇల్లు అదే. మారింది ఆ ఒక్క మాటే. ఇంతకంటే నాకు ఎవరూ రుజువు చూపించనక్కరలేదు. మాట మనిషి లోపలికి ఎట్లా దిగుతుందో నేను ఏ స్వామి దగ్గరా నేర్చుకోలేదు, మా వంటింటి గుమ్మంలో నిలబడి నేర్చుకున్నాను.

రెండో పంట పురుగులు దిగినరోజు నేనే ముందుగా అక్క చాప తీసుకుపోయి గదిలో వేసినాను. ఈసారి ఆమె తొందరగా తేరుకుంది. ఒకరోజు ఆకు వేస్తూ వేస్తూ, "పాపకు పళ్ళొచ్చినాయా?" అని అడిగింది. ఎవరికి తెలుసు?

ఆ పంట పురుగులు పండిన రోజు కుప్పం నుంచి మా బావ వచ్చినాడు, వాళ్ళ ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకొని. చేతిలో రాయించుకొచ్చిన కాగితం ఉంది. అక్కకు పిచ్చి అని, నయం కాదని, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాకు అభ్యంతరం లేదని, బిడ్డ ఆయన దగ్గరే ఉంటుందని. నాయన సంతకం పెడితే సరిపోతుంది. నాయన పెట్టేసేవాడే. ఆ సంగతి నాకు తెలుసు. వసారాలో కుర్చీ వేసి, ఆ మాట నలుగురి ముందు నాలుగుసార్లు అనిపించుకొని, తల ఊపి, పెట్టేసేవాడు.

అయితే పురుగులు పండితే ఆగవు. పసుపు రంగు తిరిగిన పురుగును ఏరి వెంటనే చంద్రిక మీద వెయ్యాలి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకొనే వెదురు తడక. ఆలస్యమైతే తట్టలోనే పట్టు కక్కేస్తుంది. ఇంట్లో అందరమూ ఆ పని మీదే ఉన్నాము. నాయన గుమ్మంలోనుంచే కేకేసినాడు, "నేను బయటికి రాలేనప్పా. మాట్లాడేది ఏందో లోపలికే వచ్చి మాట్లాడండి."

వాళ్ళూ పురుగులు పెంచే వైపు మనుషులే. చెప్పకుండానే కాళ్ళు కడుక్కున్నారు. చెంబు ఎత్తి నోరు పుక్కిలించినారు.

పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "విషయం ఏందంటే, మీ బిడ్డకు పి..."

నాయన చెయ్యెత్తినాడు. "ఆ మాట ఈడ వొద్దు."

"మరి కాగితంలో అదే కదప్పా రాసిండేది."

"కాగితంలో ఉండనీ. ఈడ అనొద్దు. పురుగులుండాయి."

పెద్దమనిషి బావ వైపు చూసినాడు. బావ నేల చూసినాడు. నేను ఊరుకోలేదు. "ఆ మాట లేకుండా చెప్పండి, మా అక్కకు ఏమైందో" అన్నాను.

"అన్నం తినేది కాదు" అన్నాడు బావ.

"ఇప్పుడు తింటాండాది. ఇంకా?"

"మాట్లాడేది కాదు."

"ఇప్పుడు మాట్లాడతాది. ఇంకా?"

ఆయన దగ్గర ఇంకేమీ లేదు. ఆ ఒక్క మాట తీసేస్తే ఆయన చేతిలో ఏమీ మిగల్లేదు. ఒక ఆడమనిషి సంసారాన్ని, బిడ్డను లాగేసుకోవడానికి వీళ్ళకు ఉన్న ఆధారమంతా రెండక్షరాలు. దానికి ఒక కాగితం, ఒక పెద్దమనిషి, కుప్పం నుంచి బస్సు.

అక్క అంతసేపూ పురుగులు ఏరుతూనే ఉంది. చేతిలో ఉన్న వాటిని చంద్రిక మీద మెల్లగా పెట్టి, బావ వైపు తిరిగింది.

"నాకు జొరం తగిలింది. లేచినాను. నా బిడ్డ యాడ?"

పెద్దమనిషి మంచివాడు, అది చెప్పాలి. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బిడ్డను తీసుకురాప్పా" అన్నాడు బావతో. వారం తిరక్కుండా పాప మా ఇంటికి వచ్చింది. కింద రెండు పళ్ళు వచ్చి ఉన్నాయి. ఆరు నెలలు పోయినాక అక్క బిడ్డను ఎత్తుకొని తన ఇంటికి పోయింది.

బావా పెద్దమనిషీ వచ్చి పోయిన ఆ సాయంత్రమే నేను పెరట్లో నాయనను నిలబెట్టి అడిగినాను. "పురుగుల కోసం చెయ్యెత్తినావు. అక్క కోసం ఎప్పుడన్నా ఎత్తినావా నాయనా?"

ఆయన తువ్వాలు దులుపుకున్నాడు. "పురుగు పోతే పంట పోతాది కదమ్మా" అన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఆ జవాబును నేను ఇంకా క్షమించలేదు.

ఎనభైల మధ్యలో ఒకసారి కుప్పం పోయినాను. అక్క వాళ్ళ పెరట్లో తనే పురుగులు పెడుతూ ఉంది. పాప బడికి పోయింది. ఇద్దరమూ బయట బండ మీద కూర్చొని మల్బరి కొమ్మలనుంచి ఆకు దూస్తున్నాము. నా నోరు ఊరుకోదు కదా, పాతవన్నీ తవ్వినాను. అమ్మ ఎట్లా అన్నది, నాయన బస్సులో ఏమన్నాడు, పాలామె, బావ, ఒక్కొక్కరినీ నిలబెట్టి కడిగేసినాను. వాళ్ళ నాలుకలు పడిపోవాలి అన్నాను.

అక్క అంతా విన్నది. ఆకు దూయడం ఆపలేదు.

"అందరూ అన్నార్లే" అంది. "వాళ్ళు అంటే నేను నమ్మలేదు మే. నీ మాదిరి చదువుకోని వాళ్ళు, భయపడి అంటాండారు అనుకునేదాన్ని. పాలు పొంగిపోయిన దినం నువ్వు అన్నావు సూడు. ఆ పొద్దు నమ్మినాను."

ఆమె ముఖంలో కోపం ఏమీ లేదు. ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆకు గంపకెత్తుకొని ఆమె లేచింది. "మేత వేసే పొద్దయింది. నోరు పుక్కిలించుకోని రా" అని లోపలికి పోయింది.

గుమ్మం పక్కన బండ మీద చెంబుతో నీళ్ళు ఉన్నాయి. పుక్కిలించినాను. మళ్ళీ పుక్కిలించినాను. చెంబు ఖాళీ అయింది. లోపలనుంచి అక్క నన్ను పేరు పెట్టి పిలుస్తూ ఉంది. నేను గడప బయటే నిలబడి ఉన్నాను.